పెట్టెడు చేయి, ఆపెడు చేయి

తల్లి ప్రేమకు మితము కలదా? పాల్కురికి సోమనాథుని బసవపురాణములో బెజ్జమహాదేవి శివునకు తల్లి లేదని తలచి తల్లడిల్లినది. తానే తల్లియై, ఆయనను పసిబిడ్డగా భావించి లాలించి పోషించినది. ఆ కథ చదివినవారెవ్వరును తల్లి చేతికి హద్దు గీయ సాహసింపరు. అయినను, ఆ చేయి ఎప్పుడు పెట్టవలెను, ఎప్పుడు ఆగవలెను అను ప్రశ్న కొన్ని ఇండ్లలో నేడు తప్పించుకొనరానిదై నిలిచియున్నది. అవి క్యాన్సరు వ్యాధినుండి కోలుకొనిన బిడ్డలున్న ఇండ్లు.

పూర్వము ఈ ప్రశ్నకే తావు లేకుండెను. రక్తపు క్యాన్సరు వచ్చిన బిడ్డ కొన్ని వారములలోనో, నెలలలోనో కన్నుమూయుట సాధారణము. 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు, అమినోప్టెరిన్ అను మందుతో కొందరు బిడ్డలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలుగునని లోకమునకు చూపెను. ఆ మందు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైనది. దానికి తోబుట్టువు వంటి మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలోనున్నది. సంపన్న దేశములలో, పిల్లలకు ఎక్కువగా వచ్చు రక్తక్యాన్సరునుండి పదిమందిలో తొమ్మిదిమంది వరకు నేడు బ్రతికి బయటపడుచున్నారు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రియు, టాటా ట్రస్టుల పూనికతో 2022లో ప్రారంభమైన క్యాన్సరు ఆసుపత్రియు కలవు. చిత్తూరు ప్రాంతమువారు పొరుగుననున్న వేలూరు సి.ఎం.సి.కిని పోవుచుందురు. బిడ్డను బ్రతికించుట ఒక కార్యము; బ్రతికిన బిడ్డను ఆరోగ్యముగా పెంచుట రెండవ కార్యము. ఈ రెండవది చాలవరకు వంటయింటిలో జరుగును.

రక్తక్యాన్సరు చికిత్స రెండు మూడేండ్లు సాగును. వాంతులు, నోటిపూత ఉన్న దినములలో రెండు ముద్దలైనను దిగవు, బిడ్డ కృశించును. స్టెరాయిడ్లు ఇచ్చు దినములలో దీనికి విరుద్ధముగా ఆకలి చెలరేగును, మొగము గుండ్రమగును. విన్‌క్రిస్టీన్ అను మందు కాళ్ల నరములను బలహీనపరచవచ్చును. దానితో పరుగు, ఆట తగ్గును. తలకు రేడియేషన్ ఇచ్చినచో ఆకలిని, ఎదుగుదలను నియమించు మెదడు భాగములు దెబ్బతినవచ్చును. కనుక ఇట్టి బిడ్డ లావెక్కినచో తిండిపోతని నిందించుట అజ్ఞానము, అన్యాయము. కాని తప్పు బిడ్డది కానంత మాత్రమున ఫలము తప్పిపోదు. డాక్సోరూబిసిన్ వంటి మందులు గుండెను బలహీనపరచవచ్చును. ఆ గుండెకు అధికపు బరువు మరియొక భారము. ముందుముందు మధుమేహము, రక్తపుపోటు వచ్చు అవకాశము హెచ్చును.

చిత్తూరు జిల్లా పల్లెలో అట్టి ఒక ఇంటిని ఊహించుకొనవచ్చును. చికిత్స ముగిసి ఏడాదియైనది. బిడ్డ మరల మరల పెట్టుమనును; తల్లి పెట్టును. అవ్వ బెల్లపుగడ్డ చేతిలో ఉంచును. తిరుపతినుండి వచ్చిన మామ బేకరీ పొట్లము తెచ్చును. పరీక్షకు పోయిన దినమున వైద్యుడు తూకము చూచి హెచ్చరించును. ఇంటికి వచ్చి తల్లి, "తిండి తగ్గించమన్నారత్తా" అనగా అవ్వ, "సావు నోట్లో నుంచి వచ్చిన బిడ్డమ్మా! వాడు అడిగితే కూడు వద్దని ఎట్లా చెప్పేది?" అనును.

ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. ఆ ఇంట వ్యాధి మొదట చిక్కిపోవుటగానే కనబడినది. సన్నబడుట యనగా మృత్యువని వారి కన్నులు నేర్చుకొనినవి. బుగ్గలు నిండుగానున్నంత కాలము వ్యాధి దూరముగానున్నదని వారి ధైర్యము. కనుకనే పెట్టెడు ప్రతి ముద్దలోను ప్రేమతోపాటు భయము కలిసియున్నది. ప్రేమ బిడ్డ ఆకలిని చూచును. భయము తన ఆకలిని బిడ్డ నోట తీర్చుకొనును.

ఈ సంగతి తెలిసిన పిదప వేరొక తప్పు జరుగుటకు వీలున్నది. అన్నకు ఓళిగ, తనకు ఎండురొట్టె. అందరి నడుమ తన కంచము మాత్రమే చిన్నది. జబ్బుపడినందులకు ఇది శిక్షయని బిడ్డకు తోచును. ఇది పంక్తిభేదము, శరణులలో హెచ్చుతగ్గులు లేవని బోధించిన బసవేశ్వరుని మార్గమునకు విరుద్ధము. నియమమన్నది ఉండదలచినచో ఇంటిల్లిపాదికిని ఉండవలెను. అవ్వకు చక్కెరవ్యాధి, తండ్రికి పొట్ట ఉండగా బిడ్డ యొక్కడే పథ్యము పట్టుట ఏమి న్యాయము?

అష్టావరణములలో ప్రసాదమొకటి. మితము, పంపకము ప్రసాదమునకు లక్షణములు. తిరుమల లడ్డు ఇంటికి వచ్చినప్పుడు దానిని ఒక్కరే కూర్చుండి తినరు. చిదిపి ఇరుగుపొరుగులకు పంచి, చిటికెడు కన్నులకద్దుకొని నోట వేసికొందురు. అంతటితోనే తృప్తి కలుగును. దినదినము తిను అన్నమునందును ఆ భావమే నిలువవలెను. రాగిసంగటి, ఆకుకూర పప్పు, ఉలవలచారు సీమ ఇండ్లకు క్రొత్తవి కావు. కొలతతో అందరును అవియే తినవచ్చును. తీపి పానీయములు, బేకరీ తిండ్లు ఎప్పుడో ఒకనాటికి ఉంచుకొనవచ్చును. ఎదుగు బిడ్డను పస్తుంచరాదు. ఎత్తు పెరుగుచుండగా బరువు నిలుకడగానుండుటయే పెక్కుమారులు చాలును. ఆ లెక్క వైద్యుడు చెప్పవలెను.

కాయకమును ఇట్లే. పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములు ఒడలు కదల్చవలెనని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. తండ్రితో సాయంకాలపు నడక, చెట్లకు నీళ్లు మోయుట, వీధిలో ఆట ఇందులోనివే. గుండెయో, నరములో బలహీనమైనచో ఎంతవరకు చేయవచ్చునో ముందు వైద్యుని అడుగవలెను. అకారణముగా బరువు తగ్గినను, జ్వరము విడువకున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను. తల్లి భయమునకు అచ్చట విలువ కలదు.

పెట్టెడు చేయి, ఆపెడు చేయి ఒకే తల్లివి. తన కంచమును బిడ్డ కంచమువలెనే చేసికొని ఆమె ప్రక్కన కూర్చుండిననాడు వద్దనుట కాఠిన్యము కాజాలదు. అవ్వ బెల్లపుగడ్డను ఇంటిలో ఎందరున్నారో అన్ని ముక్కలు చేయును. మనుమనికి ఒక ముక్క దక్కును. అది తగ్గిన ప్రేమ కాదు. బిడ్డ నిండు నూరేండ్లు బ్రతుకునని నమ్మిన ప్రేమ.