కొత్త సారథి యెడ ఓర్పు

తీర్థయాత్ర ఇంటి గడప దాటిన క్షణముననే ఆరంభమగునని పెద్దలు చెప్పుదురు. తలుపునకు తాళము వేసి, శ్రీమన్నారాయణుని స్మరించి బయలుదేరినది మొదలు, స్వామిని సేవించి మరల ఇల్లు చేరు వరకు భక్తుడు నియమమునకు లోబడియుండవలెను. సత్యవాక్కు, మితభాషణము, పరహింస చేయకుండుట అను నియమములు కోవెలలో ఎంత అవసరమో దారిలోను అంతే అవసరము. పూర్వము యాత్రికునకు ఎండయు, వానయు, ముండ్లబాటయు పరీక్షలు. నేడు రహదారియే పరీక్ష. అందును భక్తుని ఓర్పును తరచుగా శోధించునది ముందు మెల్లగా సాగు లారీ.

ఘాట్ రోడ్డుపై నిత్యము కనవచ్చు దృశ్యమొకటి కలదు. నిండు లోడుతో ఎక్కుచున్న లారీ మలుపు కడ నిలిచిపోవును. ఇంజను ఆగిపోవును. మరల కదల్చబోగా బండి మూరెడు వెనుకకు జారును. స్టీరింగు పట్టినవాడు ఇరువది రెండేండ్ల యువకుడు. ఒంటిమీద చెమట, కాళ్లలో వణకు. వెనుక కార్లు, జీపులు, యాత్రికుల బస్సు బారులు తీరును. ఒకరు హారను మ్రోగించుటయే ఆలస్యముగా తక్కినవారందరు అందుకొందురు. ఒక కారునుండి పెద్దమనిషి తల వెలుపలికి పెట్టి, "నడపడం రానివాడికి లారీ ఎవడిచ్చాడురా!" అని కేకవేయును. ఆయన నుదుట ఊర్ధ్వపుండ్రము, మెడలో తులసిమాల. కారులో సుప్రభాతము వినవచ్చుచుండును. ఆ మాట విన్న యువకునకు చేతిపట్టు మరింత సడలును. బండి ఇంకొక మూర వెనుకకు జారును.

ఇట్టి వేళ కోపము సహజమే కదా యని కొందరందురు. ఆ కోపము ఎవరిమీద ప్రసరించుచున్నదో, అతడు చేయు పని యెట్టిదో తెలిసికొన్నచో దానికి ఆధారము చాలవరకు తొలగిపోవును.

1988నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇరువది యేండ్లు నిండనివాడు లారీ నడపరాదు. తేలిక వాహనపు లైసెన్సు ఒక సంవత్సరమైన కలిగియున్నవానికే అట్టి బండిని నేర్చుకొను అనుమతి లభించును. కాగితముమీద ఇంతమాత్రమే కనబడును. చేతిపని ఇంతకంటె మిక్కిలి కష్టము. 2018లో సవరించిన పరిమితుల ప్రకారము పది చక్రముల లారీ లోడుతో కలిపి 28.5 టన్నుల వరకు తూగవచ్చును. అంత బరువును ఎత్తుమీద నిలిపి, వెనుకకు జారనీయక ముందుకు కదల్చుటకు క్లచ్చును, బ్రేకును, ఆక్సిలేటరును ఒక్క క్షణములో సమన్వయపరుపవలెను. మలుపు తిరుగునపుడు వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో రావు. లోపలి ప్రక్కకు ఒరసికొని వచ్చును. అందుచే డ్రైవరు ముందుగా బండిని వెలుపలి ప్రక్కకు తీయవలసియుండును. వెనుకనున్నవాడు దీనిని అడ్డదిడ్డముగా నడపుటయని భ్రమపడును. గాలితో పనిచేయు బ్రేకు పెడలు నొక్కిన వెంటనే గాక లేశమాత్రపు ఆలస్యముతో పట్టుకొనును. ఎడమ ప్రక్కన సందు చూచి దూరిన ద్విచక్ర వాహనము అద్దములో కూడ కనబడకపోవచ్చును. కొండ దిగునపుడు బ్రేకునే నమ్మినచో అది వేడెక్కి పట్టు వదలును. కావుననే ఎక్కిన గేరులోనే దిగవలెనని అనుభవజ్ఞులు బోధింతురు. మెల్లగా దిగు లారీ తెలివితక్కువచే మెల్లగా దిగుటలేదు. అది నేర్చిన పాఠమును పాటించుచున్నది.

ఈ విద్య పెక్కుమందికి ఇప్పటికిని గురుశిష్య సంప్రదాయముననే అబ్బుచున్నది. పల్లెనుండి వచ్చిన బాలుడు మొదట క్లీనరుగా చేరును. అద్దము తుడుచును, టైర్లలో గాలి చూచును, తాళ్లు బిగించును, బండి వెనుకకు వచ్చునపుడు దిగి "రానీ, రానీ" యని చేయి ఊపును. రాత్రులందు డ్రైవరునకు నిద్ర పట్టకుండ మాటలు చెప్పును. ఇట్లు కొన్ని సంవత్సరములు సేవచేసిన పిమ్మట ఒకనాడు ఖాళీ రోడ్డుపై, ఖాళీ బండిలో, గురువు స్టీరింగును అతని చేతికిచ్చును. ఖాళీ బండి వేరు, లోడు బండి వేరు. చదును నేల వేరు, ఘాట్ వేరు. ప్రక్కన గురువు కూర్చుండుట వేరు, ఒంటరిగా నడపుట వేరు. ఎంత నేర్చినను, లోడుతో ఒంటరిగా కొండ ఎక్కు తొలిదినము ప్రతి డ్రైవరునకు వచ్చి తీరును. ఆ దినమున వెనుకనున్నవారే అతనికి ప్రజలు, వారే అతనికి పరీక్షకులు.

వైష్ణవునకు సారథ్యము అల్పమైన వృత్తి కాదు. సర్వలోకేశ్వరుడు కురుక్షేత్రమున స్వయముగా పగ్గములు పట్టెను. చెన్నపురి తిరువల్లిక్కేణిలో వెలసిన పార్థసారథి స్వామి ఉత్సవమూర్తి ముఖముపై భీష్ముని బాణముల గాయముల గురుతులున్నవని సంప్రదాయము చెప్పుచున్నది. రథములో కూర్చున్నవానికంటె ముందు దెబ్బ తినువాడు సారథి. సైంధవ వధనాటి మధ్యాహ్నము యుద్ధభూమి నడుమనే కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, వాని శరీరములనుండి బాణములను తీసి, నీరు త్రాగించి సేద దీర్చెనని భారతము తెలుపుచున్నది. సారథ్యమున భగవానుడు చూపిన శ్రద్ధ అట్టిది. ఆయన చేపట్టిన పనిని నేర్చుకొనుచున్నవానిని హేళన చేయుట భక్తునకు శోభించునా?

అనుభవములేని సారథి కథయు భారతమునందే కలదు. తెలుగు పల్లెలలో వానలకై పఠింపజేయు విరాటపర్వమునందలి ఉత్తర కుమారుడే అతడు. అంతఃపురమున గొప్పలు పలికిన ఆ రాజకుమారుడు కౌరవసేనను చూచినంతనే రథమునుండి దూకి పరుగెత్తెను. బృహన్నల వేషములో జడ ఊగుచుండగా అర్జునుడు వాని వెంట పరుగెత్తుట చూచి సైనికులు కొందరు నవ్విరి. అర్జునుడు ఆ బాలుని పట్టితెచ్చి ఓదార్చెను. తాను యుద్ధము చేయుదునని చెప్పి పగ్గములను అతనికే అప్పగించెను. లోకైకవీరుడైన అర్జునునకు ఆనాడు దొరకిన సారథి, భయముతో వణకుచున్న బాలుడు! మహావీరుల బాణవర్షము నడుమ తన చేతులు ఆడుట లేదని, గుఱ్ఱములను నిలుపజాలనని ఉత్తరుడు మొరపెట్టుకొన్నపుడును అర్జునుడు కసరలేదు, ధైర్యము చెప్పెను. రథము నిలిచినది, గోవులు మరలినవి. పిమ్మట ఆ విజయకీర్తిని పురమున ఉత్తరునకే దక్కనిచ్చెను. చేతకానివాడని వదలివేయబడవలసిన బాలుడు ఒక్క దినములో సారథియైనాడు. ప్రక్కనున్నవాడు పలికిన మంచిమాటయే అతనికి గురువైనది.

ఇందుకు విపర్యయము కర్ణపర్వమున కనబడును. శల్యుడు కర్ణునకు సారథియైనప్పుడు, పాండవులకిచ్చిన మాట ననుసరించి అడుగడుగున అతనిని ఎత్తిపొడిచెను. హంసకాకీయమను కథ చెప్పి కించపరచెను. కర్ణుని కృంగదీయుటకు ధర్మరాజు శల్యుని కోరినది కత్తిని కాదు, బాణమును కాదు. తేజోవధను కోరెను. రణమధ్యమున మాటతో మనస్సును దెబ్బతీసినచో చేయి తడబడునని ఆ కాలపు రాజనీతిజ్ఞులకు తెలియును. శత్రువునకు ప్రయోగింపదగిన ఆయుధమని వారెంచినదానిని నేటి యాత్రికుడు ఏ పగయు లేని బాలునిమీద ప్రయోగించుచున్నాడు. వెనుకనుండి ఆగక మ్రోగు హారను తేజోవధయే. పలు స్వరములతో మ్రోగు హారనులను 1989నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు నిషేధించినవి. ఒకే స్వరముతో మ్రోగించు అసహనమును ఏ నిబంధన నిషేధింపగలదు? దానిని హృదయమే నిషేధించుకొనవలెను.

ఈ ఓర్పు కొత్త డ్రైవరునకు భక్తుడు వేయు భిక్షమని తలచరాదు. ఇది తీర్చవలసిన అప్పు. తొలి అడుగులు వేయునపుడు పడిన ప్రతిసారి లేవనెత్తిన తల్లి కలదు. బియ్యములో అక్షరము దిద్దించునపుడు వంకరపోయిన వ్రేలిని మరల పట్టి దిద్దించిన గురువు కలడు. తొలిసారి వంటచేసిన కోడలి పులిహోరలో ఉప్పు మించినను మారు మాటాడక భుజించిన అత్తమామలు కలరు. ఆ ఓర్పును అనుభవింపక ఏ విద్యయందైనను నేర్పరియైనవాడు లేడు. ఆ ఋణమును వారికే తిరిగి చెల్లించుట సాధ్యము కాదు. వారిలో పలువురు గతించియుందురు. పెద్దలు చెప్పిన ఋషిఋణము తీరు త్రోవయు ఇట్టిదే. పొందిన విద్యను తరువాతివానికి అందించుటవలన అది తీరును. పొందిన ఓర్పును తరువాతి కొత్తవానియందు చూపుటవలన ఈ ఋణము తీరును. కారు నడుపు పెద్దమనిషియు ఒకనాడు ఎర్రని 'ఎల్' అక్షరపు పలకతో వీధిలో ఇంజను ఆపుకొని నిలిచినవాడే కదా!

ఇచట ఒక ఆక్షేపణ కలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. 2022లో భారతదేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణా శాఖ లెక్కలు చెప్పుచున్నవి. ప్రాణములతో కూడిన ఈ విషయమున ఓర్పు అసమర్థతకు అండ కాదా అని ప్రశ్నింపవచ్చును. అనుభవలేమికిని, అలక్ష్యమునకును గల భేదమును గుర్తించుటయే దీనికి సమాధానము. మద్యము సేవించి నడపువాడు, పందెమునకు పరుగుతీయువాడు, ఫోనులో మాటాడుచు స్టీరింగు త్రిప్పువాడు కొత్తవాడు కాడు. అట్టివాడు ఎన్ని యేండ్ల అనుభవము కలవాడైనను ప్రమాదకారియే. అతని బండి నంబరును గుర్తించి పోలీసులకు తెలుపుట ధర్మము. అందును తిట్టుతో పనిలేదు. తడబడుచున్నను జాగ్రత్తగా నడుపుచున్నవాని విషయము వేరు. అతనిని తొందరపెట్టుటవలన ప్రమాదము పెరుగునే గాని తరుగదు. అరకొరగా నేర్చినవానిని అధిక లోడుతో, విశ్రాంతి లేకుండ, గడువు విధించి పంపిన యజమాని బాధ్యతయు గలదు. సరకు రేపే చేరవలెనని పట్టుబట్టిన వర్తకుని బాధ్యతయు గలదు. వారు ఘాట్ రోడ్డుపై కనబడరు, కనబడునది బాలుడొక్కడే. కనబడినవానిమీదనే కోపమంతయు కుమ్మరించుట న్యాయము కాదు.

అశోకవనమున తన్ను బాధించిన రాక్షసస్త్రీలను శిక్షింప బూనిన హనుమంతుని సీతమ్మ వారించినది. వారు రాజాజ్ఞకు లోబడిన పరతంత్రులని ఆ తల్లి ఎంచినది. బుద్ధిపూర్వకముగా బాధించినవారినే ఆమె క్షమింపగా, బరువును, ఎత్తును, భయమును ఏకకాలమున మోయుచున్నవానిని భక్తుడు క్షమింపలేడా?

క్షమ మనస్సులోనే ఉండిన చాలదు; నడవడిలో కనబడవలెను. ఎత్తుమీద నిలిచిన లారీకి వెనుక చాలినంత దూరము విడిచి ఆగవలెను. దగ్గరగా నిలిచిన బండిని అద్దములో చూచినచో డ్రైవరు చేయి మరింత వణకును. మలుపులో లారీ వెలుపలి ప్రక్కకు తీసినపుడు లోపలి సందున దూరరాదు. క్లీనరు చేయి చాచినపుడు దానిని మన్నింపవలెను. ఇరుకైన కొండదారిలో దిగువాడు ఎక్కువానికి దారి విడువవలెనని రహదారి నియమము. ఇందు ఎంతటి ధర్మసూక్ష్మము ఇమిడియున్నది! సులువుగా సాగుచున్నవాడు కష్టపడి ఎక్కుచున్నవానికై ఆగవలెనని చట్టమే చెప్పుచున్నది. ఇక డాబా వద్దనో, టీ అంగడి వద్దనో ఎదురుపడినపుడు, "నిదానంగా వెళ్లు నాయనా, కొండదారి మెల్లమెల్లగా అదే అలవాటవుతుంది" అని వృద్ధుడొక్కడు పలికినచో, ఆ మాట ఆ బాలునితో పెక్కు మైళ్లు పయనించును. పాత డ్రైవర్లకు ఈ బాధ్యత మరింత ఎక్కువ. ఒకప్పుడు తమకు స్టీరింగు నిచ్చిన చేతిని వారు మరువరాదు.

తిరుమలకు తొలి ఘాట్ రోడ్డు 1944లో, రెండవది 1974లో ఏర్పడినవి. 1985లో ఆరంభమైన నిత్యాన్నదానమున నేటికిని వేలాది భక్తులు ప్రతిదినము భుజించుచున్నారు. ఆ బియ్యమును, పప్పును, కూరగాయలను ఏ లారీయో, ఏ డ్రైవరో రాత్రింబవళ్లు నడిపి తెచ్చినవే. విస్తరిముందు గోవిందనామము పలుకు భక్తునకు ఆ అన్నము వెనుకనున్న చేతులు జ్ఞప్తికి రావలెను. విజయదశమినాడు వాహనమునకు పసుపు కుంకుమలలది, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి పూజించువాడు, వాహనమును నడుపు నరుని అవమానించినచో ఆ పూజకు ఫలమేమి?

కోవెలలో ప్రబంధగోష్ఠి జరుగునపుడు, కొత్తగా చేరిన బాలుని గొంతు ఒకచోట తడబడవచ్చును. పెద్దలు ఆగి వానివంక కోపముగా చూడరు. తమ స్వరమును కొంచెము హెచ్చించి, వానిని తమతో గొనిపోవుదురు. వాడు మరల అందుకొనును, పారాయణము తెగదు. ఘాట్ రోడ్డుపై ఒకని వెనుక ఒకడు నిలిచిన యాత్రికులును ఒక గోష్ఠియే. ముందున్నవాడు తడబడినపుడు తక్కినవారు మౌనముతో, ఓర్పుతో వానికి ఊతమీయవలెను. ఇంజను మరల పలుకును, లారీ కదలును, అందరును కొండ చేరుదురు. స్వామి దర్శనము కొన్ని నిమిషములు ఆలస్యమైనను కావచ్చును. ఆ నిమిషములలో భక్తుడు కాచుకొన్న శాంతము దర్శనవేళ ఆయన పాదముల కడ ఉంచదగిన పుష్పమగును.

సర్వే జనాః సుఖినో భవంతు.