కాటాకు అందని ధర

కాలిఫోర్నియాలో, కంప్యూటర్ కంపెనీలు పుట్టి పెరిగిన లోయలో ఒక తుక్కు కొట్టు ఉండేది. ఊళ్ళో ఎవరికీ అక్కర్లేని మానిటర్లు, వైర్లు, సర్క్యూట్ బోర్డులు అక్కడికే చేరేవి. వచ్చినదాన్ని వచ్చినట్టు కాటా మీద పడేసేవారు. కాటాకు వచ్చింది ఒకటే చదువు, బరువు చెప్పడం.

ఒకరోజు అరవై దాటిన ఒకావిడ కారులో అట్టపెట్టెలు తెచ్చింది. భర్త పోయాడు, ఇల్లు సర్దుతోంది. రసీదు రాసిస్తామంటే వద్దంది. పేరు కూడా చెప్పకుండా పెట్టెలు దింపి వెళ్ళిపోయింది.

రాత్రి తలుపులు మూశాక సామాన్లకు నోరొచ్చింది. కథ కదా, వస్తుంది.

ముందుగా పెంటియం ప్రో చిప్పు గొంతు సవరించుకుంది. "నేను 1995 నాటిదాన్ని. నెత్తి మీద బంగారం, కాళ్ళకి బంగారం. నన్ను ఇనుము లెక్కన ఎవరూ అడగరు. మీలో ఇంకెవరికుంది ఈ భాగ్యం?"

"ఉందిలే, యాసిడ్‌లో మునిగి కరిగే భాగ్యం!" అంది కమొడోర్ 64. "నన్ను చూడు. 1982లో 595 డాలర్లు పోసి కొన్నారు. కోటికి పైగా ఇళ్ళల్లో ఆడుకున్నారు. నా పేరు చెబితే ఇప్పటికీ నెరిసిన తలలు చిన్నపిల్లలైపోతాయి."

"ఇంటింటా ఉన్నదానికి ఎవడిస్తాడు ధర?"

కొత్తగా వచ్చిన పెట్టెలోంచి ఒక బోర్డు తొంగిచూసింది. కమొడోర్ దాన్ని ఎగాదిగా చూసి, "నీ పైపెట్టె ఏది?" అంది.

"లేదు. కొన్నవాళ్ళే చేయించుకోవాలి."

"కీబోర్డు?"

"అదీ వాళ్ళే తెచ్చుకోవాలి."

"తెర?"

"ఇంట్లో టీవీ ఉంటే సరి."

"కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరైనా ఉందా?"

"అదీ లేదు."

"మరి నీతో వచ్చిందేమిటయ్యా?"

"4 కిలోబైట్ల మెమరీ, ఒక కుర్రాడి పనితనం."

కొట్టంతా నవ్వింది. తగువు తేల్చమని అందరూ కాటా దగ్గరికి వెళ్ళారు. కాటా ఒక్కొక్కరినీ తూచి, బోర్డుతో అంది: "తుక్కు రేటు కడితే నీకు కాఫీ డబ్బులు కూడా రావు. అయినా దిగులు లేకుండా కూర్చున్నావు. ఏమిటి నీ ధైర్యం?"

"నాకూ తెలీదు తాతా. మేం పుట్టింది 1976లో, అంతా కలిపి సుమారు రెండొందలమంది. ఏడాది తిరిగేసరికి మా తమ్ముడు ఆపిల్-2 వచ్చేశాడు. పాతదిచ్చి కొత్తది తీసుకోండని కంపెనీయే పిలిచింది. అలా వెనక్కి వెళ్ళిన మావాళ్ళని కంపెనీయే ముక్కలు చేయించింది. నన్ను కొన్నాయన మాత్రం మార్పిడికి పోలేదు. ప్రేమో బద్ధకమో, నన్ను ఒక మూలన పెట్టి మరిచిపోయాడు."

కాటా ముల్లు కాసేపు ఊగింది. "అయితే రేపు నీకు ధర పలికితే, అది నిన్ను దాచినాయన చలవ కాదు. మీవాళ్ళని పగలగొట్టినవాళ్ళ చలవ."

బోర్డు మాట్లాడలేదు. బంగారం చిప్పు మాత్రం తనవాళ్ళను కరిగిస్తున్నారన్న సంగతి మొదటిసారి లెక్కలోకి తీసుకున్నట్టుంది.

కొన్ని వారాలకు పనివాళ్ళు పెట్టెలు విప్పారు. ఆ బోర్డు రెండు లక్షల డాలర్లకు అమ్ముడైంది. సామాను అమ్మితే వచ్చినదాంట్లో సగం తెచ్చినవారిదే అన్నది ఆ కొట్టు కట్టుబాటు. లక్ష డాలర్లు పక్కన పెట్టి, ఆవిడ కోసం పత్రికల ద్వారా కబురు పెట్టారు.

నీతి: పాతదైనందుకు ఏ వస్తువుకూ ధర రాదు. అది కొరతై, ఆ కొరతలో దాన్ని కోరుకునేవాడుంటే వస్తుంది. కొరత పుట్టేది లోకం పారేసినప్పుడు. అందుకే ధర కోసం దాచేవాడు దాచవలసినదాన్ని దాచడు.

సామాన్ల సంభాషణ నా కల్పన. పెట్టెల సంగతి కాదు. 2015లో మిల్పిటాస్ అనే ఊళ్ళో నిజంగా జరిగింది. ఆ బోర్డు ఆపిల్-1, కుర్రాడు స్టీవ్ వోజ్నియాక్. 1976లో దాని ధర 666 డాలర్ల 66 సెంట్లు. 2010లో లండన్ క్రిస్టీస్ వేలంలో ఒకటి 2 లక్షల డాలర్లు దాటింది. 2014లో న్యూయార్క్‌లో బొనాంస్ వేలంలో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం ఇంకోదాన్ని 9,05,000 డాలర్లకు పాడుకుంది. ఇక మిలియనే తరువాయి అనుకున్నారు. కానీ తర్వాతి ఏళ్ళలో వచ్చిన చాలా బోర్డులు అందులో సగానికి అటూఇటూగానే ఆగాయి. 2024లో మళ్ళీ ఒకటి 9,45,000 పలికింది. అది స్టీవ్ జాబ్స్ గదిలో ఉన్నదన్న చరిత్ర దానికి తోడుంది. అంటే కొన్నవాడు బోర్డుతో పాటు కథను కూడా కొన్నాడు.

ఆ చివరిదాని వెనక ఇంకో సంగతుంది. అది మైక్రోసాఫ్ట్ సహస్థాపకుడు పాల్ ఆలెన్ సేకరణలోది. పాత కంప్యూటర్లను బతికున్నట్టే నడిపించి చూపడానికి సియాటిల్‌లో ఆయన ఒక మ్యూజియం పెట్టాడు. ఆయన 2018లో పోయాడు. 2020లో తలుపులు మూశారు, మళ్ళీ తెరవలేదు. పిల్లలు వచ్చి తాకి నడిపిన యంత్రాల్లో ఎన్నో వేలంపాటకు వెళ్ళిపోయాయి. దీన్ని మంచి ధర అనడానికి నాకు నోరు రాదు.

కొనేవాళ్ళు ఎవరంటే, ఎక్కువమంది తమ చిన్నతనాన్ని కొనుక్కునేవాళ్ళే. 1980ల్లో కంప్యూటర్ దుకాణాల అద్దాల బయట నిలబడి చూసిన పిల్లలకు ఇప్పుడు యాభై దాటింది, చేతిలో డబ్బుంది. ఆ తరం దాటిపోయాక కోరిక ఏమవుతుందో, ధర అటే పోతుంది. ఈలోగా వస్తువు తనంతట తాను చెడుతూ ఉంటుంది. లోపలి బ్యాటరీ కారి బోర్డును తినేస్తుంది, కెపాసిటర్లు ఉబ్బుతాయి, తెల్లటి ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. పెట్టుబడి అనుకుని కట్టిపెట్టినవాడికి చివరికి తుప్పు మిగిలిన సందర్భాలు తక్కువేం కాదు.

మనకూ ఇలాంటి అటకలున్నాయి. 1967లో హైదరాబాద్‌లో పుట్టిన ఈసీఐఎల్, 1970ల్లో టీడీసీ-316 లాంటి కంప్యూటర్లు ఇక్కడే తయారుచేసింది. డాస్ రోజుల్లో తెర మీద తెలుగు చూపించిన సీడాక్ జిస్ట్ కార్డులు ఎన్నో ఆఫీసుల్లో పనిచేశాయి. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాలు ఫ్లాపీల్లో నిద్రపోతున్నాయి. వీటికి వేలంపాటలు లేవు, లక్షల డాలర్లు రావు. కానీ ఆ ఫ్లాపీతో పోయే పుస్తకం ఇంకోచోట ఉండకపోవచ్చు.

కాబట్టి దసరాకో సంక్రాంతికో ఇల్లు దులిపేటప్పుడు పాత కంప్యూటర్ కనిపిస్తే, తుక్కువాణ్ణి పిలిచే ముందు మూత విప్పించి బ్యాటరీ తీయించండి. ఫ్లాపీల్లో ఉన్నదాన్ని తెలిసినవాళ్ళచేత కొత్తదానిలోకి ఎక్కించండి. రసీదు, మాన్యువల్, కొన్న ఏడాది అన్నీ ఒక కవరులో పెట్టండి. అది వాడినవారు ఇంకా ఇంట్లో ఉంటే, దాంతో ఏం పని చేశారో వాళ్ళనే అడిగి రాసుకోండి. ఆ తర్వాత ఇచ్చేయాలనిపిస్తే నిరభ్యంతరంగా ఇచ్చేయండి. మీ పేరు మాత్రం చెప్పి ఇవ్వండి.