లింగైక్యులైన తాతగారిని తలచుకొనుట యెట్లు?

వెలిగండ్ల, కనిగిరి, పామూరు ప్రాంతముల వీరశైవ కుటుంబములలో ఇంటి పెద్ద లింగైక్యము చెంది ఏడాది తిరుగునప్పటికి ఒక ప్రశ్న తప్పక పుట్టును. ఇరుగుపొరుగు ఇండ్లలో తద్దినము పెట్టుదురు, పిండము వేయుదురు, కాకి వచ్చి ముట్టువరకు కాచుకొని యుందురు. మన యింట అవి యేవియు లేవు. మరి తాతగారి కొరకు మనము చేయవలసినదేమి? ఈ ప్రశ్న నడుగువారు సాధారణముగ పిల్లలు. పెద్దలు "మనకవి లేవమ్మా" అని ఒక్క మాటతో సరిపుచ్చుదురు. అది సరియైన ఉత్తరమే గాని పూర్ణమైన ఉత్తరము కాదు.

లేకపోవుటకు కారణము పెద్దలయెడ అలక్ష్యము కాదు. దీక్ష పొందిన శరణుడు మరణింపడనియు, లింగమునందు ఐక్యమగుననియు మన విశ్వాసము. అందుచేతనే ఆ దేహమును దహింపరు. స్నానము చేయించి, విభూతి రుద్రాక్షలతో అలంకరించి, కూర్చుండబెట్టి, జీవితమంతయు అర్చించిన ఇష్టలింగమును ఎడమ అరచేతియందుంచి, విభూతితోను బిల్వపత్రితోను సమాధి చేయుదురు. అక్కడ ప్రేతము లేదు. ప్రేతము లేనిచోట దానికి ఆకలి యెక్కడిది? ఆకలి లేనివానికి పిండమెందులకు? ఆరాధ్యుల యిండ్లలో వైదికాచారము కొంత నిలిచియున్నది. మల్లికార్జున పండితారాధ్యుని సంప్రదాయము బసవేశ్వరుని భక్తిని గౌరవించుచునే తన త్రోవ తాను పట్టినది. ఆ చర్చ వేరు. ఇక్కడ చెప్పవలసినది పిండము లేని యింటి సంగతి.

ఈ సమాధి విధియందు అంతగా గమనింపబడని విశేషమొకటి కలదు. తాతగారి పొలము మనుమనికి వచ్చును, ఇల్లు వచ్చును, చేతికఱ్ఱ సయితము వచ్చును. ఆయన ఇష్టలింగము మాత్రము రాదు. అది ఆయనతోనే మట్టిలోనికి పోవును. మనుమడు తన లింగమును తన గురువు చేతినుండియే పొందవలెను. భక్తి ఆస్తివలె సంక్రమించునది కాదనియు, ఎవరిది వారే ఆర్జించుకొనవలెననియు మన పెద్దలు గ్రంథములలో వ్రాయుటయే కాక చేసి చూపిరి. అట్లయిన పొలమును ఇల్లును కాక తాతనుండి మనుమనికి వచ్చునదేమి? "మా తాత యిట్లు చేసెడివాడు" అను మాట వచ్చును. పెండ్లి మాటలలో, పొలము పంపకములో, వేళకాని వేళ అతిథి వచ్చినపుడు ఆ మాట వినబడును. అదియే ఆ యింటికి స్మృతి, అదియే శాసనము. కావున తాతను ఎట్లు తలచుకొందురో ఆ యిల్లు అట్లే నడచును. తలచుకొనుట చనిపోయినవారికి సంబంధించిన పని యనుకొందురు గాని, అది యథార్థముగ బ్రతికియున్నవారి పని.

ఆ ప్రాంతపు తాతగారి నొకరిని మనసున నిలుపుకొందము. పేరు అక్కరలేదు, చదువరులకు తమ తమ తాతగారి పేరే చాలును. 1940 ప్రాంతమున జన్మించినవాడనుకొందము. అప్పటికి కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. 1970లో కొత్త జిల్లా యేర్పడి, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు వచ్చునప్పటికి ఆయన ముప్పది దాటిన గృహస్థు. మెట్ట సేద్యము, కంది, సజ్జ, జొన్న. వాన కురిసిన యేడు గాదె, కురియని యేడు అప్పు. ఆ నేలలో బావి త్రవ్వినను బోరు వేసినను వచ్చు నీటిలో ఫ్లోరైడు మెండు. నడివయస్సు దాటకముందే కీళ్ళు బిగిసి నడుము వంగినవారు ఆ వైపు ఊరూర కనబడుదురు. అట్టి నడుముతోనే ఆయన తెల్లవారకమునుపు లేచును. లింగపూజ కానిదే మంచినీరైనను ముట్టడు. శివరాత్రికి భైరవకోనకు పోవునపుడు మనుమరాలిని భుజముపై నెక్కించుకొని, కొండరాతిలో తొలిచిన ఎనిమిది గుహాలయములను వరుసగా చూపించును. జంగమయ్య వాకిట నిలిచిననాడు ఇంటివారు పస్తుండిరేమో గాని ఆయన వట్టి చేతులతో మరలిన దినము లేదు. గింజలు కొలుచునపుడు మానిక తలకొట్టడు.

మనుమరాలికి మొదటి అక్షరములు దిద్దించినది ఆయనయే. ఒడిలో కూర్చుండబెట్టుకొని, మార్కాపురపు పలకపై, బలపము పట్టిన ఆ చిన్నచేతిని తన చేతితో పట్టుకొని దిద్దించెను. తెలుగుపిల్లలందరు 'ఓనమాలు' అందురు గాని ఆ మాట యెక్కడిదో పలువురు మరచిరి. అక్షరాభ్యాసమున మొదట వ్రాయించునది శివుని పంచాక్షరియే, 'ఓం నమః శివాయ'. ఆ మొదటి అక్షరములే ఓనమాలైనవి. ఏ కులపు బిడ్డ బడికి పోయినను తొలుత ఆ మంత్రమునే దిద్దుచుండెను. ఈ సంగతి తాతగారు మురిపెముతో పదిసార్లు చెప్పెడివారు.

ఆ తాతగారే, పొలము పనికి వచ్చిన దళితవాడ కూలివారికి దాహమైనపుడు, చెంబుతో నీటిని పైనుండి దోసిటిలోనికి పోసెడివారు. చెంబును వారి చేతికిచ్చెడివారు కారు. గణారాధననాడు వారికి అన్నము పెట్టెడివారు, కడుపునిండ పెట్టెడివారు. కాని పందిరిలో కాదు, దొడ్డిలో చింతచెట్టు క్రింద. తిట్టి యెరుగడు, కూలి ఎగవేసి యెరుగడు. అయినను ఆ చెంబు మాత్రము చేయి మారలేదు.

ఏడాది తిరిగి, ఆయన పటమునకు పూలదండ వేసి, బంధువులందరు గుణములు చెప్పుకొనుచుండగా మనుమరాలు ఆ చెంబు సంగతి అడిగినచో ఏమి చెప్పవలెను?

ముందుగ మన ఆచారమునే చూడుడు. వీరశైవమున పంచసూతకములు లేవు. జననసూతకము, ప్రేతసూతకము, రజస్సూతకము, ఉచ్ఛిష్టసూతకము, జాతిసూతకము అని ఐదును ఒక్క పట్టికలోనివే, ఒక్క ఊపున త్రోసివేయబడినవే. తాతగారు పోయిననాడు మైల పట్టలేదు. మఠపు అయ్యగారు వచ్చిరి, పాదోదకమిచ్చిరి, ఆనాడే ఇంట లింగపూజ జరిగినది. అందుకు ఇంటివారు గర్వపడిరి గూడ. పట్టికలో రెండవదానిని అంత నిష్ఠతో విడిచినవారు ఐదవదానిని చెంబు అంచున పట్టుకొని యుండుట యేమి న్యాయము? ఐదవది నిజమైనచో రెండవది నిజము కాకూడదా? అప్పుడు పిండమును పెట్టవలసినదే.

"ఆ కాలమట్టిది" అని కొందరందురు. ఈ మాట వినుటకు మెత్తగ నుండును. కాని ఏ కాలము? మన తాతగారికి పదియేండ్ల ప్రాయమున, 1950లో, రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. 1985 జూలైలో, అప్పటి ప్రకాశం జిల్లాలోనే, కారంచేడులో త్రాగునీటి చెరువు వద్ద పుట్టిన తగవు ఆరుగురు దళితుల ప్రాణములను బలిగొన్నది. నీటి చెంబు చిన్న విషయమని ఆ జిల్లావారు అనుకొనుటకు వీలులేదు. ఇక బసవేశ్వరుని కాలమో, అది 12వ శతాబ్ది. హరళయ్య కుమారునికి మధువరసు కుమార్తె నిచ్చి వివాహము చేసినందుకు ఆ యిద్దరు తండ్రులు కల్యాణమున చిత్రవధకు గురియైరని సంప్రదాయము చెప్పుచున్నది. ఎనిమిది వందల యేండ్ల క్రిందటి చెప్పులు కుట్టువాడును బ్రాహ్మణ మంత్రియు దాటగలిగిన గీతను దాటుటకు కాలము చాలలేదనుట తాతగారిని కాపాడు మాట కాదు. అది మనలను మనము కాపాడుకొను మాట.

దీనికి ఎదురుగా మఱొక తొందరపాటు కలదు. పట్టణములో చదివిన మనుమడు ఆ ఒక్క చెంబును చూపి, తాత జీవితమంతయు కపటమని తీర్పు చెప్పును. అదియు అన్యాయమే. కరవునాడు తన గాదెలోని కందులను పొరుగువారికి పంచినచేయియు అదియే. ఒక చేతిలో రెండు పనులు ఇమిడియుండుట మనుష్యులలో వింత కాదు. ఒకదానితో రెండవదానిని కొట్టివేయబూనుటయే పొరపాటు. ప్రేమ ఉన్నచోట లెక్క అక్కరలేదందురు. పరాయివాని తప్పు చెప్పుటకు ధైర్యము చాలును; మనలను భుజమున మోసినవాని తప్పు చెప్పుటకు మాత్రము ప్రేమయే కావలెను, ఏలయనగా ఆ మాట చెప్పిన పిమ్మటను ఆయన మన తాతగానే యుండవలెను గదా.

బసవేశ్వరుడు ఈ చిక్కును ఎట్లు విడదీసెనో గమనింపదగినది. బ్రాహ్మణగృహమున పుట్టియు ఆయన తన వచనములలో మాదర చెన్నయ్యను, డోహర కక్కయ్యను తనకు తండ్రి వరుసవారిగా చెప్పుకొనెను. అనగా మనుష్యునికి పెద్దలు రెండు తెగలవారు: రక్తమున వచ్చినవారు, భక్తిచే ఎన్నుకొనబడినవారు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఈ రెండవ తెగ పెద్దల కథలనే భక్తుల నోటనుండి యేరి, పామరులకు గూడ అందునట్లు ద్విపదలో కూర్చెను. చెన్నయ్య యింటి అంబలిని శివుడారగించిన కథ అందులోనిదే. ఆ కథను తాతగారే మనుమరాలికి చెప్పియుందురు. చెప్పుచు కన్నీరు పెట్టుకొనియుందురు. శివుడు త్రాగిన అంబలికి కన్నీరు పెట్టి, ఆ కులమువాని నోటికి చెంబు నందింపనివారు మన ఇండ్లలో ఒక్కరు కాదు.

ఆ పురాణముననే గొడగూచి కథ కలదు. తండ్రి ఊరికి పోవుచు శివునికి పాలు పెట్టుమని కూతునకు చెప్పెను. ఆ మాటను ఆచారముగా చెప్పినవాడు తండ్రి, నిజమని నమ్మినది బిడ్డ. శివుడు త్రాగలేదని ఆమె యేడ్చెను, శివుడు త్రాగెను. తిరిగివచ్చిన తండ్రికి ఆమె మాటపై నమ్మకము కలుగలేదు. పెద్దలు నేర్పినదానిని పెద్దలకంటె గట్టిగ పట్టుకొనుట పిల్లలకు అవిధేయత కాదు. తాత దిద్దించిన ఓనమాలను నిజమని నమ్మిన మనుమరాలికే చెంబు సంగతి అడుగవలెనని తోచును.

తన మరణమును ఎట్లు తలచుకొనవలెనో తానే నిర్ణయించిపోయిన వృద్ధుని ఉదాహరణమొకటి మన కాలముననే కలదు. తుమకూరు సిద్ధగంగా మఠపు శ్రీ శివకుమార స్వాములవారు 1907లో జన్మించి, నూటపదునొకండేండ్లు జీవించి, 2019 జనవరి 21న లింగైక్యము చెందిరి. ఆ మఠమున కులమత భేదము లేక వేలాది బాలురు ఉచితముగ తిని చదువుకొనుచున్నారు. ఐక్యమైన వార్తను పిల్లల మధ్యాహ్న భోజనము ముగియువరకు వెల్లడింపవలదని స్వాములవారు ముందే చెప్పియుంచిరి, అట్లే జరిగినది. తమ కొరకు ఎవరును పస్తుండరాదనుటయే వారి కోరిక. ఆ వరుసలో ఎవరి బిడ్డ ఎవరి ప్రక్కన కూర్చుండెనో అడిగినవారు లేరు.

ఇక వెలిగండ్ల వైపు ఇంటిలో ఏడాది తిరుగు రోజు దగ్గరపడినది. హైదరాబాదునుండి, బెంగుళూరునుండి కొడుకులు వచ్చిరి. గద్దుగకు పాలరాయి వేయింపవలెనా, సిమెంటు చాలునా అని వారిలో వారు తర్కించుకొనుచున్నారు. పెద్దకోడలు పటమునకు కొత్త చట్రము కట్టించినది. అటకపైనుండి దింపిన ఇత్తడి సామానులో తాతగారి చెంబు గూడ నున్నది. అంచున చిన్న సొట్ట. మనుమరాలు దానిని చింతపండుతో తోమి, నీరు నింపి, పందిరిలోనికి తెచ్చినది. తాతగారి పొలములో నలువది యేండ్లు పనిచేసిన ముదుసలి యొకడు చింతచెట్టు క్రింద తన అలవాటు చోట కూర్చుండబోవుచుండగా ఆమె "తాతా, ఇటు రా" అని పిలిచి, వరుసలో ఖాళీగనున్న విస్తరిని చూపి, చెంబును అతని చేతికిచ్చినది.