గాజుతొట్టెలోని బంధము

తిరుచ్చులి వంటి సముద్రము లేని ఊరిలో గూడ నేడు కడలి చేపలను, పగడపు జీవులను గాజుతొట్టెలో పెంచవచ్చును. ఒకనాడు ఆ నీరు బియ్యము కడిగిన నీటివలె తెల్లబడును. మిగిలిన మేత కుళ్లగా బాక్టీరియా కోట్లకొలది పెరుగుటయే తరచు కారణము. అవి నీటిలోని ప్రాణవాయువును హరించును. చేపలు పైకి తేలి నోరు తెరచును.

అప్పుడు శ్రావకుడేమి చేయవలెను? అతినీలలోహిత దీపము పెట్టినచో కోట్ల ఏకేంద్రియ జీవులు చచ్చును. ఊరకున్నచో పంచేంద్రియములు గల చేపలు చచ్చును. మేత తగ్గించి, నీటికి గాలి పట్టించి, కొంత నీరు మార్చుట తక్కువ హింస గల దారి.

కాని తత్త్వార్థ సూత్రము అహింసాణువ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో అన్నపాన నిరోధమొకటి. మరి మేత ఆపుట దోషము కాదా? జ్వరపడిన బిడ్డకు లంఖణము పెట్టిన తల్లికి దోషము లేదు. కోపముతో, లోభముతో ఆపినదే దోషము.

అయితే ఆ ఐదింటిలో మొదటిది బంధము. చిక్కంతయు అచ్చటనే పుట్టినది. కడలిలో మిగిలిన మేతను అలలు చెదరగొట్టును. తొట్టెలో యజమాని చేతి కొలతయే గతి. సరకును తూచి అమ్మువాడు మేతను తూచకుండుట తగునా?

తిరుచ్చులికి ఆగ్నేయముననున్న మన్నారు సింధుశాఖలో, 21 దీవుల చుట్టునున్న పగడముల రక్షణకై 1986లో సముద్ర జాతీయ వనము ఏర్పడెను. 2001లో రాతి పగడములు వన్యప్రాణి చట్టపు మొదటి పట్టికలో చేరెను. చట్టము పట్టికలోని జీవినే కాచును. వ్రతమునకు పట్టిక లేదు.

ఉప్పునీటి చేపను కోనేటిలో విడుచుటయు దయ కాదు, అది బ్రతుకదు. ఉన్నవానిని కడవరకు శ్రద్ధతో పోషించుట ధర్మము. మరియొక జీవిని కొనకుండుట వ్రతము.