జాలి చాలునా?

చదువరీ, మన భాషలోని ఒక చిన్న సంగతిని ఆలోచించుము. కాలు వంకరయైన పురుషుని మనము కుంటివాడందుము. అదే స్త్రీయైన యెడల కుంటిది అందుము. ఆ 'ది' అను ముక్కనే గొడ్డునకును, కాలు విరిగిన పీటకును కూడ వాడుచున్నాము. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమందలి వికలాంగులు 2 కోట్ల 68 లక్షలని తేలినది. వారిలో స్త్రీలు 1 కోటి 18 లక్షలు. వీరిలో ఒకతెను కథకు నాయికగా నిలుపునప్పుడు రచయిత ఆమెకు ఏమి ఇయ్యవలెను? జాలి యిచ్చిన చాలునా? ఇది పుస్తకములకు సంబంధించిన ప్రశ్నవలె కనబడును గాని, నీ పొరుగింటి అరుగుమీద కూర్చున్న మనిషిని నీవెట్లు చూచెదవను ప్రశ్నయు నిదియే.

రవీంద్రనాథ ఠాకూరు గత శతాబ్దమునకు ముందే 'సుభా' అను కథ వ్రాసెను. అందలి పిల్ల పేరు సుభాషిణి. ఆమెకు మాట లేదు. కన్నతల్లియే ఆమెను తన గర్భమునకు పట్టిన కళంకముగా నెంచినది. ఆ పిల్ల మనసు ఇంటి ఆవులకు తెలిసినంత ఇంటివారికి తెలియదు. కడకు తలిదండ్రులు ఆమెను కలకత్తాకు తీసికొనిపోయి, మూగతనము దాచి పెండ్లి చేసిరి. నిజము తెలిసిన భర్త మాటలాడగల మరియొక భార్యను తెచ్చుకొనెను. ఈ కథ చదివి కంటతడి పెట్టనివారు అరుదు. అయితే ఆ కన్నీటి తరువాత నీకు మిగిలిన పని యేమి? సుభ ఏమియు చేయదు, ఆమెకే అన్నియు చేయబడును.

అదే రచయిత 1898లో వ్రాసిన 'దృష్టిదాన్'లో సంగతి మారినది. వైద్యము చదువుచున్న భర్త తన తెలివిమీది గర్వముచేత తానే చికిత్స చేసి భార్య కన్నులు పోగొట్టును. కొంతకాలమునకు మరియొక పెండ్లికి సిద్ధపడును. ఈ కథ చెప్పునది ఆ గ్రుడ్డి భార్యయే. భర్తను తూచునది కూడ ఆమెయే. నాకు ఈ కథయే పెద్దదిగా తోచును.

ఇక మన కాలమునకు వత్తము. అనితా దేశాయి 1999లో ప్రకటించిన 'ఫాస్టింగ్, ఫీస్టింగ్' అను ఆంగ్ల నవలలో ఉమ అను కూతురున్నది. చూపు తక్కువ, దళసరి కండ్లద్దములు. అప్పుడప్పుడు మూర్ఛ వచ్చును. పరీక్షలలో ఏటేట తప్పును, అయినను కాన్వెంటు బడి యనిన ఆమెకు ప్రాణము. తమ్ముడు పుట్టగానే వానిని పెంచుటకై బడి మాన్పించిరి. ఆమె మదరు యొద్దకు పరుగెత్తి బ్రతిమాలి, అక్కడనే పడిపోయినది. కట్నము పుచ్చుకొని మోసగించిన పెండ్లి సంబంధములు రెండు. కండ్లు మరింత క్షీణింపగా బొంబాయిలో నిపుణునికి చూపుమనిరి, తండ్రి ఒప్పుకొనలేదు. తమ్ముని అమెరికా చదువునకు మాత్రము డబ్బు దొరకినది. ఒక లేడీ డాక్టరు, ఆసుపత్రిలోని నర్సుల వసతిగృహము చూచుకొనుటకు ఉమను పంపుమని అడిగినది. తల్లికి జబ్బు అనిరి, మా అమ్మాయికి ఉద్యోగము అక్కరలేదనిరి.

చదువరీ, ఉమ తలిదండ్రులు రాక్షసులు కారు. వారు అన్నము పెట్టుదురు, బట్ట కట్టనిత్తురు; అడిగినవారితో పాపము మా పిల్ల అని కూడ అనగలరు. అందుచేతనే ఈ నవల మనలను గుచ్చును. ఉమ చేయలేనిది ఎంత? చేయనియ్యనిది ఎంత? రెండింటి నడుమ గీత గీయుము చూతము. ఆమె కన్నులు చూడలేనివి కొన్నియే; ఆమెకు మూసివేసిన తలుపులు అనేకము. ఆ తలుపులు మూసినవారు తమ చేతులను చూచుకొనరు, ఆమె కండ్లద్దములను చూపుదురు.

జాలికంటె తిరస్కారము మేలా యని ఒకరు అడుగవచ్చును. కాదు. ఆకలిగొన్నవానికి ఒక ముద్దయు మేలే. కాని జాలి ఒకటి మాత్రము ఇయ్యనేరదు. జాలిపడదగిన మనిషి తప్పు చేయగలదని అది నమ్మదు. తప్పు చేయలేనిదానికి ధర్మము కూడ లేదు గదా, చంటిబిడ్డకు లేనట్లే.

ఈ మాటకు బాప్సీ సిధ్వా 1988లో వ్రాసిన 'ఐస్-క్యాండీ-మ్యాన్' సాక్ష్యము. ఆమె పాకిస్తాను రచయిత్రియే గాని, కథ అఖండ భారతములోని లాహోరులో మొదలై దేశవిభజన గుండ నడచును. కథ చెప్పు పార్శీ బాలిక లెనీకి పోలియోవలన కాలు కుంటి. రచయిత్రికిని చిన్నతనమున ఆ వ్యాధియే సోకినది. ఈ పిల్ల బలే గడుసరి. కాలు చక్కబడిన యెడల అందరి ముద్దు పోవునేమోయని ఆమె భయము! వైద్యుడు ఆమెకు బడి చదువు అక్కరలేదని తేల్చును, పెండ్లి చేసికొని పిల్లలను కనునులెమ్మనును. ఆ తీర్పు విని తలిదండ్రులు ఏమనుకొన్నను, లెనీ కన్నులు చెవులు మాత్రము ఊరంతయు తిరుగుచునే యుండును.

అల్లరిమూక హిందువైన ఆయాను వెదకుచు ఇంటిమీదికి వచ్చినప్పుడు, పెద్దలు ఆమె వెళ్లిపోయినదని అబద్ధమాడుదురు. చనువుగల ఐస్-క్యాండీ మనిషి లెనీని లాలించి అడుగును. అబద్ధమాడ నేరని ఆ పిల్ల నిజము చెప్పివేయును. ఆయాను ఈడ్చుకొనిపోవుదురు. ఆ తరువాత లెనీ తన కుంటికాలిని తలచుకొని యేడ్వదు. తన నాలుకను దండింపవలెనని పండ్లు తోము బ్రష్షుతో అది పుండగువరకు రుద్దుకొనును.