చివరివాడు ఊపిరి తీసుకునే వరకు



సైకిలు అనగానే మనకు గుర్తుకు వచ్చేవి పాలక్యాను, గడ్డిమోపు, వెనుక క్యారియరు మీద కూర్చున్న బడిపిల్ల. మన పల్లెల్లో ఎందరో ఉపదేశులు సైకిలు మీదనే ఊరూరా తిరిగి జపాలు నేర్పారు. మనకది కష్టజీవి వాహనం. అయితే అదే సైకిలును కొండల మీదికి, అడవి బాటల్లోకి ఆనందం కోసం తీసుకువెళ్లేవారు కూడా ఉన్నారు. దానిని మౌంటెన్ బైకింగ్ అంటారు. ఆ ఆటలో ఒక చిన్న నియమం ఉంది. ఈ వారం మీతో మాట్లాడదలచినది దానిని గురించే.

ఈ ఆట పుట్టిన చోట్లలో ముఖ్యమైనది అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మారిన్ కౌంటీ. 1970లలో అక్కడి యువకులు కొందరు లావుపాటి టైర్ల పాత సైకిళ్లను బాగుచేసుకుని కొండబాటల మీద తొక్కారు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర మట్టిబాటలో పందెం పెట్టుకున్నారు. సుమారు 2 మైళ్లలో 1,300 అడుగులు దిగిపోయే బాట అది. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు వేడెక్కి, లోపలి గ్రీజు పొగై పోయేది. దిగిన ప్రతిసారీ మళ్లీ గ్రీజు కూరవలసి వచ్చేది కనుక ఆ బాటకు 'రీప్యాక్' అని పేరు వచ్చింది. 1977లో జో బ్రీజ్ అనే యువకుడు ఇటువంటి బాటలకోసమే ప్రత్యేకంగా సైకిలు తయారుచేశాడు. 1996లో అట్లాంటాలో ఇది ఒలింపిక్ క్రీడ కూడా అయింది. అక్కడ పెట్టినది క్రాస్ కంట్రీ పోటీ. అంటే దిగడమే కాదు, ఎక్కడం కూడా.

పోటీల సంగతి అలా ఉంచండి. సెలవురోజున నలుగురైదుగురు స్నేహితులు కలిసి అడవి బాటల్లో వెళ్లినపుడు అందరి బలం ఒకటిగా ఉండదు. ఒకడు ముందు దూసుకుపోతాడు, ఒకడు వెనుకబడతాడు. మంచి స్నేహితులు అప్పుడు పాటించే నియమం ఇది: బాట రెండుగా చీలిన ప్రతిచోటా, చివరివాడు వచ్చేవరకు ముందువారు ఆగాలి. అడవిలో దారి అడగడానికి మనిషి ఉండడు. ఫోను పనిచేయకపోవచ్చు. వెనుకనున్నవాడి గొలుసు తెగిందో, కిందపడి దెబ్బ తగిలిందో ముందున్నవాడికి తెలియదు. అతడు తప్పుదారి పట్టాడంటే చీకటిపడేలోగా దొరకడం కష్టం.

గమనించారా? వేగంగా వెళ్లవద్దని ఈ నియమం చెప్పడం లేదు. బలం దేవుని వరం, పాపం కాదు. చీలిక నుండి చీలిక వరకు ఎవరి బలం కొద్దీ వారు వెళ్లవచ్చు. కాని చీలిక దగ్గర ఆగాలి. ఎందుకంటే మనిషి తప్పిపోయేది అక్కడే.

కుటుంబంలోనూ అంతే. పదవ తరగతి తరువాత ఏమి చదవాలి అన్నది ఒక చీలిక. పెళ్లి ఒక చీలిక. ఉద్యోగం పోవడం, జబ్బు బయటపడడం, ఇంటి పెద్ద కన్నుమూయడం, ఇవన్నీ చీలికలే. మామూలు రోజుల్లో ఎవరి పనిలో వారున్నా ఫరవాలేదు. ఆ రోజుల్లో మాత్రం ఎవరో ఒకరు నిలబడి వెనక్కి తిరిగి చూడాలి.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. ముందు వచ్చినవారు చీలిక దగ్గర పది నిమిషాలు నీడన కూర్చుంటారు, నీళ్లు తాగుతారు, కబుర్లు చెప్పుకుంటారు. చివరివాడు రొప్పుతూ వచ్చి చేరేసరికి, "వచ్చావుగా, ఇక పద!" అని లేస్తారు. ఫలితమేమిటి? అలసిపోని వారికి విశ్రాంతి దొరికింది, అలసినవాడికి దొరకలేదు. తరువాతి మెట్టలో అతడు ఇంకా వెనుకబడతాడు. తప్పు తనదేననుకుని మరోసారి రానంటాడు. అందుచేత తెలిసినవారు ఇంకొక మాట కలుపుతారు: చివరివాడు వచ్చేవరకే కాదు, వచ్చి ఊపిరి తీసుకునే వరకు ఆగాలి.

ప్రియులారా, ఇది మన ఇళ్లలో జరుగుతున్న సంగతే. ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన రోజున తప్పిన కుర్రవాడు తల వంచుకుని ఇంటికి వస్తాడు. ఆ బిడ్డ చేతికి మంచినీళ్ల గ్లాసు అందకముందే, "పక్కింటి పిల్లవాడికి ఎన్ని మార్కులో తెలుసా?" అనే మాట ఎదురవుతుంది. ఆ రాత్రులలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు మన రాష్ట్రాల్లో ఉన్నారు. తాగుడు మాని పది రోజులైన తండ్రితో, "ఇంతకాలం చేసిన అప్పులు ఎప్పుడు తీరుస్తావు?" అని మొదటి పూటే అడుగుతాం. ఏళ్ల తరువాత దివ్యబలిపూజకు వచ్చిన మనిషిని చూసి, "ఇన్నాళ్లకు దారి తెలిసిందా?" అని గుడిమెట్ల మీదనే నవ్వుతాం. రావడానికే అతని బలమంతా ఖర్చయిందని మనకు తోచదు.

ఆదికాండంలో యాకోబును చూడండి. ఏళ్ల తరువాత అన్న ఏసావు అతనిని కౌగిలించుకుని, కలిసి ప్రయాణం చేద్దామన్నాడు. యాకోబు వినయంగా కాదన్నాడు. పిల్లలు పసివారని, పాలిచ్చే పశువులను ఒక్కరోజు వడిగా తోలినా మంద చనిపోతుందని చెప్పాడు. మందతో, పిల్లలతో, వారు నడవగలిగినంత మెల్లగా వస్తానన్నాడు. ఒకనాడు అన్నను వెనక్కినెట్టి ముందుకు పోయిన మనిషే ఇతడు! ఇప్పుడు పసివారి అడుగును తన అడుగుగా చేసుకున్నాడు. ఇంటిపెద్ద అంటే ఇదీ.

ఆ కొండబాటల్లో ఇంకొక మర్యాద కూడా ఉంది. ఇరుకుదారిలో ఎక్కేవాడు, దిగేవాడు ఎదురుపడితే దిగేవాడే ఆగి దారి ఇవ్వాలి. నిట్టనిలువు ఎత్తులో ఒకసారి కాలు కిందపెట్టినవాడు మళ్లీ తొక్కడం మొదలుపెట్టడం చాలా కష్టం. దిగేవాడికి ఆ బాధ లేదు. జీవితం సాఫీగా సాగుతున్నవారు కష్టంతో పైకి ఎగబాకేవారికి దారి ఇవ్వడం కూడా అటువంటి న్యాయమే.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ స్నేహం మూడు విధాలన్నాడు: లాభం కోసం, సంతోషం కోసం, ఎదుటివాని మేలు కోసం. మొదటి రెండూ అవసరం తీరగానే కరిగిపోతాయి. కొండ మీద సంతోషం కోసం కలిసినవారు మూడవ స్నేహానికి ఎదిగారా లేదా అన్నది చీలిక దగ్గర తెలిసిపోతుంది.

ఇటలీలో కోమో సరస్సుకు ఎగువన కొండ మీద గిజాల్లో మరియమాత గుడి ఉంది. 1949లో పన్నెండవ భక్తినాథ పాపుగారు ఆ తల్లిని సైకిలు తొక్కేవారి పాలకురాలిగా ప్రకటించారు. ఆ చిన్న గుడిలో విజేతల సైకిళ్లతో పాటు ఫాబియో కాసార్తెల్లి సైకిలు కూడా ఉంది. 1995 జూలై 18న ఫ్రాన్సు దేశపు పెద్ద పందెంలో, కొండ దిగుతూ పడి అతడు మరణించాడు. వయసు 24 ఏళ్లు. మర్నాడు పందెగాళ్లెవరూ పోటీపడలేదు. అందరూ కలిసి మెల్లగా తొక్కి, చివరిలో అతని జట్టువారిని ముందుకు పంపారు. గెలుపు కోసమే బ్రతికేవారు కూడా ఒకరోజు ఆగగలిగారు.

పునీత పియర్ జోర్జియో ఫ్రసాతి కూడా 24వ ఏటనే, 1925లో కన్నుమూశాడు. స్నేహితులతో కొండలెక్కడం అతనికి ప్రాణం. ఆ స్నేహితులనే జపమాలకు, దివ్యబలిపూజకు పిలుచుకుపోయేవాడు. తూరిను నగరపు పేదల గడపలు తొక్కేవాడు. 2025 సెప్టెంబరు 7న పదునాల్గవ లియో పాపుగారు అతనిని పునీతునిగా ప్రకటించారు. ఆటకు, భక్తికి, పేదల సేవకు అతని జీవితంలో గోడలు లేవు.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ విచారణలో వెనుకబడినవారెవరో రాత్రి జపంలో తలచుకోండి. మరునాడు వారి దగ్గరకు వెళ్లి కూర్చోండి. సలహా చెప్పవద్దు, లెక్కలు అడగవద్దు. వారు ఊపిరి తీసుకునే వరకు కూర్చోండి, చాలు.

దూరాన ఉండగానే కుమారుని చూసి పరుగెత్తిన తండ్రి, వచ్చినవానికి మొదట ఇచ్చినది ఉపదేశం కాదు, కౌగిలి. ఆ తండ్రి మనసును ప్రభువు మనకందరికీ దయచేయునుగాక! గిజాల్లో మరియమాతా, మా కొరకు ప్రార్థించండి. ఆమెన్.