గూడబాతుకును చోటున్నది

ధ్యాన భాగములు: యోబు 12:7–10, ద్వితీయోపదేశకాండము 22:6, 7, యెషయా 5:8



యోబు శ్రమలో నుండగా అతని స్నేహితులు వచ్చి దేవునిగూర్చి పెద్ద పెద్ద మాటలు చెప్పిరి. తమకు తెలిసినంత ఇతరులకు తెలియదని వారి తలంపు. అప్పుడు ఆ భక్తుడు వారిని ఏ పండితునియొద్దకును పంపలేదు. పశువులయొద్దకును, పక్షులయొద్దకును, చేపలయొద్దకును పోయి నేర్చుకొనుడనెను. సమస్త జీవుల ప్రాణము ఎవరి చేతిలో నున్నదో అవి ఎరుగును గాని మీరు మరచితిరి అని అతని భావము.

మనమైతే పక్షియొద్ద నేర్చుకొనుటకు ఏమున్నది అనుకొందుము. పక్షి కనబడగానే పిల్లవాని చెయ్యి ఉండేలుమీదికి పోవును; పెద్దవాని మనస్సు కూరకుండమీదికి పోవును. ఆ రెంటికిని నడుమ దేవుడు చెప్పు పాఠము వినబడకయే పోవుచున్నది. అందుచేత గడచిన డిసెంబరు నెలలో మా సండే స్కూలు పిల్లలను కైకలూరు దగ్గరనున్న ఆటపాక పక్షుల కేంద్రమునకు తీసికొని వెళ్లితిమి. అక్కడ చూచినదానిని వాక్యపు వెలుగులో మీ యెదుట పెట్టగోరుచున్నాను.

కొల్లేరు మనలో అనేకులకు తెలిసినదే. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లమున ఉన్న మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరుల నీరు దానిలో చేరి, ఉప్పుటేరు గుండ సముద్రమునకు పోవును. 1999లో ప్రభుత్వమువారు అందులో 308 చదరపు కిలోమీటర్ల మేర పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. ఇరాను దేశమందలి రామ్‌సర్ పట్టణములో 1971లో జరిగిన ఒప్పందము ప్రకారము లోకములోని ముఖ్యమైన చిత్తడి నేలలకు ఒక పట్టిక కలదు. 2002లో కొల్లేరు ఆ పట్టికలో చేరెను.

ఆటపాకలో అటవీశాఖవారు పిల్లలకొరకును పెద్దలకొరకును ఒక ప్రదర్శనశాల ఉంచిరి. అందులో కొల్లేటికి వచ్చు పక్షుల బొమ్మలును పటములును ఉన్నవి. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, నీటికాకి మొదలైనవాటిని పిల్లలు దగ్గరగా చూచి పేర్లు నేర్చుకొనిరి. ప్రతి సంవత్సరము అక్టోబరు 2వ తేదీ మొదలు 8వ తేదీవరకు దేశమంతట వన్యప్రాణి వారోత్సవములు జరుగును. ఆ దినములలో బడిపిల్లలకు చిత్రలేఖనము, వ్యాసరచన మొదలైన పోటీలు పెట్టుదురు. ప్రదర్శనశాలనుండి బయటికి వచ్చి పడవ ఎక్కినయెడల చెరువు నడుమ పక్షుల గూళ్లను దూరమునుండి చూడవచ్చును.

అక్కడ ముఖ్యమైన పక్షి గూడబాతు. రెక్కలు చాచినప్పుడు ఈ చివరనుండి ఆ చివరకు ఏడెనిమిది అడుగులుండును. దాని ముక్కు క్రింద తోలుసంచి వ్రేలాడుచుండును. మన తాతలు కాలువలోని నీటిని చేలోనికి తోడుటకు ఇద్దరు మనుష్యులు చెరియొక ప్రక్క నిలిచి త్రాళ్లతో ఊపెడు బుట్టను గూడ అని పిలిచిరి. ఈ పక్షియును అట్లే తన సంచితో నీటిని చేపతోకూడ తోడి, నీటిని విడిచి చేపను మ్రింగును. గూడబాతు అను పేరు వినగానే ఆ గూడ మన కన్నులకు కట్టునుగదా. గూడ వేయుట ఎన్నడును చూడని మా పిల్లలకు ఆ పక్షిని చూపి తాతల పనిని వివరింపవలసి వచ్చెను.

గూడబాతు పిల్ల గ్రుడ్డులోనుండి వచ్చునప్పుడు దాని ఒంటిమీద ఈకయైనను ఉండదు. తండ్రియు తల్లియు వంతులవారీగా పొదుగును, వంతులవారీగా మేత తెచ్చును. పిల్ల తన తలను తల్లి సంచిలోనికి దూర్చి అందులోని ఆహారము తినును. దూరమునుండి చూచువారికి పిల్ల తల్లి రొమ్మును చీల్చి తినుచున్నట్లు కనబడును. ఇందునుబట్టియే కాబోలు, పూర్వకాలపు క్రైస్తవులు ఈ పక్షి తన రొమ్మును పొడుచుకొని తన రక్తముతో పిల్లలను బ్రతికించునని చెప్పుకొని, దానిని క్రీస్తుయొక్క త్యాగమునకు గురుతుగా పెట్టుకొనిరి. 1611లో అచ్చువేసిన ఇంగ్లీషు బైబిలు ముఖపత్రముమీద కూడ ఈ చిత్రము కలదు. రక్తము సంగతి కథయే. మన రక్షణకొరకు రక్తము చిందించినవాడు ప్రభువొక్కడే. అయినను తాను మోసికొని వచ్చినదానిని సంచి తెరచి బిడ్డకు పెట్టుట మన కన్నులు చూచిన సత్యము. ఆ ప్రేమను దాని లోపల ఉంచినవాడు ఎవడు?

ప్రియులారా, ఈ పక్షియొద్ద నేర్చుకొనవలసిన సంగతులు మూడు కలవు.

మొదటిది, మనకు ఉపయోగపడనిదానికి కూడ దేవుడు చోటిచ్చెను.

లేవీయకాండము 11వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు తినకూడని పక్షులలో గూడబాతును చేర్చిరి. 102వ కీర్తన వ్రాసిన భక్తుడు తన ఒంటరితనమును చెప్పుకొనుచు అడవిలోని గూడబాతుతో తన్ను పోల్చుకొనెను. అనగా అది మనుష్యుని పళ్లెములోనికి రాదు, మనుష్యుని యింటికిని రాదు. మన లెక్క ప్రకారము దానివలన లాభము లేదు. అయితే 104వ కీర్తన చదివి చూడుడి. అక్కడ కొంగకు చెట్లున్నవి, కొండమేకలకు కొండలున్నవి, కుందేళ్లకు బండలున్నవి, మనుష్యునికి సాయంకాలమువరకు పనియున్నది. ఎవరి చోటు వారికి దేవుడు కొలిచి యిచ్చెను. నాకేమి లాభము అని మనము అడుగుదుము. ఇది నాది అని దేవుడు చెప్పును.

రెండవది, వాడుకొనుటకు దేవుడు హద్దు పెట్టెను.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ కలదు. మనము దానిని తరచుగా దాటిపోవుదుము. దారిలో ఎవనికైనను పక్షిగూడు దొరికినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని మోషే చెప్పెను. ఈ ఆజ్ఞలోని నెమ్మదిని చూడుడి. దేవుడు ఆకలిగొన్నవానిని ఉత్తచేతులతో పంపలేదు. అయితే అంతయు తీసికొని పొమ్మనలేదు. తల్లి మిగిలినయెడల మరుసటి ఏడు మరల గూడు కట్టును. తల్లియు పిల్లలును పోయినయెడల ఆ చెట్టు శాశ్వతముగా మూగబోవును. మరియొక విశేషము వినుడి. తలిదండ్రులను సన్మానించువారికి దేవుడు ఏ వాగ్దానము చేసెనో, మేలును దీర్ఘాయువును, ఆ వాగ్దానమునే పక్షి తల్లిని విడిచిపెట్టువానికి కూడ చేసెను. మనకు చిన్నదిగా కనబడు ఆజ్ఞకు ఆయన ఎంత పెద్ద బహుమానము కట్టెనో చూచితిరా!

మూడవది, చోటు తీసివేయుట సులభము, మరల ఇచ్చుట కష్టము.

1946లో నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామమునందు గూడబాతుల గూళ్లను చూచి వాటినిగూర్చి వ్రాసెను. అవి ఊరి చెట్లమీద గూళ్లు కట్టుకొని కొల్లేటిలో మేత వెదకుకొనుచుండెను. తరువాతి దశాబ్దములలో ఆ గూళ్లు లేకపోయెను. పిమ్మట ఆటపాక చెరువులో మరల గూడబాతులు పిల్లలు పెట్టసాగెను. అచ్చటి చెట్లును ఎండి కూలిపోగా, అటవీశాఖవారు నీటిలో ఇనుప స్తంభములు పాతి వాటిమీద మంచెలు కట్టిరి. నేడు అనేక గూళ్లు ఆ ఇనుప మంచెలమీదనే యున్నవి. పడవలో ఒక చిన్నది దానిని చూచి, “అయ్యగారండీ, వీటికి చెట్టు లేదేమండీ?” అని అడిగెను. పెద్దలు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. దేవుడు విత్తనమువేసి పెంచిన కొమ్మను పోగొట్టుకొనిన తరువాత మనము ఇనుము కొని నిలువబెట్టవలసి వచ్చుచున్నది. ఆ పక్షులు ఇనుమునుకూడ కాదనలేదు. దొరికిన చోటును కృతజ్ఞతతో పుచ్చుకొనెను.

ఇక్కడ ఒక ప్రశ్నకు జవాబు చెప్పక దాటిపోకూడదు. మన సంఘములలో చేపల చెరువులమీద కూలిచేసి బ్రతుకువారు అనేకులున్నారు. మేము తిరిగి వచ్చిన తరువాత ఒక సహోదరుడు నాతో, “అయ్యగారూ, పక్షికి చోటు, పక్షికి చోటు అంటున్నారు. మరి మా పిల్లల చోటేదండి? ఆ పక్షులు చెరువులో పడితే మా యజమాని నష్టం మా కూలిలోంచే కదండీ కోసేది!” అనెను. అతని మాటలో న్యాయము లేకపోలేదు. 2006లో కొల్లేటి చెరువుల గట్లను తెగగొట్టినప్పుడు కడుపుకూడు పోయినవారిలో బీదలు అనేకులుండిరి. వారి కన్నీరు దేవుని కవిలెలో ఉన్నది. పక్షిమీద ప్రేమయని చెప్పి బీదవానిని తోసివేయుట వాక్యానుసారమైన ప్రేమ కాదు.

అయితే నిర్గమకాండము 23వ అధ్యాయము 11వ వచనము తెరచి చూడుడి. ఏడవ యేట భూమిని బీడుగా విడువవలెను. అందులో తనంతట పండినది బీదలకు; బీదలు మిగిల్చినది అడవి మృగములకు. ఒకే వచనములో దేవుడు బీదవానిని మృగమును ఒక పంక్తిని కూర్చుండబెట్టెను. మృగము పేరట బీదవానిని మరువలేదు. బీదవాని పేరట మృగమును మరువలేదు. ఆ ఇద్దరికిని చోటు లేకుండ చేయువాడు వేరొకడున్నాడు. ఇంటికి ఇల్లును పొలమునకు పొలమును కలుపుకొనుచు, మరి ఎవరికిని స్థలము మిగులకుండ చేయువారికి శ్రమ అని యెషయా 5వ అధ్యాయములో ప్రవక్త కేక వేసెను. గూడబాతు ఎవరి భూమికిని పట్టా వ్రాయించుకొనలేదు. గట్టుమీద గట్టువేసి సరస్సును మ్రింగినది మనుష్యుని ఆశయే. ఆ సహోదరుని పిల్లలయొక్క చోటును, ఈ పక్షి పిల్లలయొక్క చోటును మ్రింగినది ఆ ఒక్క నోరే.

నీటికి కూడ చోటు కావలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది ఇండ్లను ముంచెను. ఆ ఏరు కడకు దిగవలసినది కొల్లేటిలోనికే. పల్లమునకు అడ్డుకట్ట వేసికొనుచు పోయినయెడల నీరు తన చోటును మన వాకిటిలో వెదకుకొనును. పక్షికి విడిచిన చోటు మనకును కాపుదలయేయని ఇందువలన తెలియవలెను. ఆదికాండము 2వ అధ్యాయములో దేవుడు ఆదామును తోటలో ఉంచినప్పుడు రెండు పనులు అప్పగించెను: సేద్యము చేయుట, కాచుట. మొదటి పనిని మనము బాగుగా నేర్చుకొంటిమి. రెండవది ఇంకను నేర్చుకొనవలసియున్నది.

కాబట్టి సంఘమా, మనము చేయదగినవి కొన్ని కలవు. తలిదండ్రులారా, మీ కుమారుల చేతిలోని ఉండేలును నేడే తీసికొనుడి. గూడబాతు 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడు పక్షి. దానిని కొట్టుట నేరము. అయితే మనకు చట్టముకంటె ముందు దేవుని ఆజ్ఞయున్నది. చెరువులు గలవారలారా, చేపలను కాచుకొనుటకు వలలు కట్టుడి, అలికిడి చేయుడి. విషము మాత్రము పెట్టకుడి. గట్టుమీద నాలుగు చెట్లు ఎదగనియ్యుడి. పక్షి చేసిన నష్టమును కూలివాని కూలిలో కోయకుడి. సండే స్కూలు ఉపాధ్యాయులారా, వేసవి సెలవుల బైబిలు పాఠశాలలో సృష్టి పాఠము చెప్పు దినమున పిల్లలను చెరువుగట్టుకో చెట్టు నీడకో తీసికొని పోవుడి. వీలైనవారు ఆటపాక వంటి చోటికి తీసికొని వెళ్లుడి. అక్కడ కేకలు వేయకుండ, ప్లాస్టిక్ సంచులు పారవేయకుండ, గూళ్లయొద్దకు పోకుండ చూచి నేర్చుకొనవచ్చును.

కడపట ఒక మాట. ఈ లోకమునకు తన్నుతాను ఇచ్చుకొన వచ్చిన ప్రభువు పుట్టినప్పుడు సత్రములో ఆయనకు చోటు లేకపోయెను. నక్కకు బొరియయు పక్షికి గూడును ఉన్నవిగాని తనకు తల వాల్చుకొనుటకు చోటు లేదని ఆయనయే చెప్పెను. పక్షుల గూళ్లను ఆయన చూచెను, వాటిని లెక్కలోనికి తీసికొనెను, వాటికున్నది తనకు లేకపోయినను అసూయపడలేదు. మనకొరకు చోటు సిద్ధపరచుటకే ఆయన తండ్రియొద్దకు వెళ్లెను. పరలోకములో మనకు చోటు సిద్ధపరచుచున్నవానిని నమ్మిన మనము, భూమిమీద ఆయన ప్రాణులకును ఆయన బీదలకును చోటులేకుండ చేయుట తగునా?

పిచ్చుకను మరువని దేవుడు మన చేతులకు ఇచ్చుటయు, మన ఆశకు హద్దును, మన పిల్లలకు కాచెడు మనస్సును దయచేయును గాక. ఆమేన్.